మంచంటే ఏ మంచు?

మన భాషలో నాకు చాలా ఇష్టమైన చిక్కు ఒకటుంది. ధనుర్మాసపు తెల్లవారుజామున కొల్లేటి గట్ల మీద పరచుకొనేదాన్ని మంచు అంటాము. గరికపోచ కొసన నిలిచిన చుక్కనూ మంచే అంటాము. హిమాలయాల నెత్తిన ఉన్నదీ మంచే. ఆకివీడులో చేపల పెట్టెల్లో దంచి పోసేదాన్ని నోటితో ఐసు అంటాము గాని, కాగితం మీద రాయవలసి వస్తే అదీ మంచుగడ్డే అవుతుంది. ఈ నాలుగింటిలో మొదటి రెండూ అచ్చంగా నీళ్ళు. తక్కిన రెండూ గడ్డకట్టిన నీళ్ళు. ఆ తేడా మాటకు పట్టలేదు. గడ్డకట్టేంత చలి ఎరుగని నేల కనుక మన పూర్వులకు ఆ అవసరం కలగలేదు కాబోలు. అయితే మబ్బు లోపల ఉన్నది నీరా మంచా, ఉంటే ఏది ఎంత, ఎక్కడ, అన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను దశాబ్దాల తరబడి వేధించిందని తెలిశాక, మన మాటలోని చిక్కు ఆకాశంలోనూ ఉన్నదని అర్థమైంది.

ఈ ప్రశ్నతో నాకొక పాత బాకీ ఉంది. ముందు అది చెప్పుకోవాలి.

1998లో మాట. కైకలూరు పక్కన, కొల్లేటి గట్టున, మా నాన్న ఐదెకరాల చేపల చెరువు చేస్తూండేవారు. నేను ఏలూరులో డిగ్రీ మొదటి సంవత్సరం, భౌతికశాస్త్రం. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోవడం, సోమవారం పొద్దున్నే తిరిగి రావడం. ఇంటికి పోయినప్పుడల్లా ఆ వారం నేర్చుకున్నదేదో ఒకటి నాన్నకు అప్పజెప్పకపోతే నాకు తిన్నది అరిగేది కాదు. ఆయన నాలుగో తరగతితో చదువు మానేసిన మనిషి. నేను చెప్పినదంతా శ్రద్ధగా వినేవారు. ఆ వినడమే నన్ను పాడుచేసిందేమో.

భాద్రపద మాసం. మూడు రోజులుగా మబ్బు కమ్ముకొని ఉంది. చినుకు లేదు, ఆకు కదలదు, ఒళ్ళంతా ఉక్క. చేపల రైతుకు ఇటువంటి వాతావరణం శత్రువు. చెరువులోని పచ్చటి నాచు పగలు ఎండ తగిలితేనే ప్రాణవాయువును తయారుచేస్తుంది. ఎండ లేకపోతే తయారీ తగ్గుతుంది, ఖర్చు మాత్రం తగ్గదు. రాత్రయితే చేపలతోబాటు ఆ నాచు కూడా ఊపిరి పీల్చుకుంటుంది. తెల్లవారుజాము మూడు, నాలుగు గంటలకు నీటిలోని వాయువు అట్టడుగుకు వస్తుంది. గాలి వీచి అల రేగినా, జల్లు పడి నీటి పైపొర కదిలినా కొంత ఆదుకుంటుంది. అదీ లేకపోతే డీజిలింజను పెట్టి, నీళ్ళు తోడి పైనుంచి పోయాలి.

ఆ ఆదివారం రాత్రి నాన్న గట్టు మీద నిలబడి ఆకాశం చూసి, "ఏరా, కురుస్తుందంటావా?" అని అడిగారు.

"కురుస్తుంది నాన్నా. ఇంత నల్లగా ఉంటే కురవక ఏం చేస్తుంది? ఇంజను అద్దె, డీజిలు, అంతా దండగ" అన్నాను. ఆ వారమే మాకు ఆర్ద్రత మీద పాఠం జరిగింది. మంచుబిందు ఉష్ణోగ్రత అంటే ఏమిటో నాకు క్షుణ్ణంగా తెలుసు.

కురవలేదు. తెల్లారేసరికి బొచ్చెలు, శీలావతులు నోళ్ళు పైకెత్తి గాలి మింగుతూ చెరువంతా తేలాయి. పొద్దెక్కేసరికి నోళ్ళు కదలడం ఆగిపోయింది. నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు. సోమవారం బస్సుకు నన్ను సాగనంపి, చచ్చిన చేపలను ఏరించడానికి మనుషులను పిలుచుకు రావడానికి వెళ్ళారు.

ఆ చెరువు ఇప్పుడు లేదు. 2006లో కొల్లేటి అభయారణ్యం హద్దు లోపలి చెరువుల గట్లు కొట్టివేసినప్పుడు అదీ పోయింది. ఆ కథ వేరు. ఆ మబ్బు ఎందుకు కురవలేదన్న ప్రశ్న మాత్రం నాకు మిగిలిపోయింది.

దానికి సగం జవాబు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. మబ్బంటే నీళ్ళ సంచి కాదు. గాలిలో చెల్లాచెదరుగా తేలే అతి చిన్న బిందువుల గుంపు. ఒక్కో బిందువు వ్యాసం సుమారు ఇరవై మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అంతటి బిందువు నిశ్చలమైన గాలిలో సెకనుకు ఒక సెంటీమీటరుకు కొంచెం పైచిలుకు వేగంతో దిగుతుంది. కిలోమీటరు దిగాలంటే దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది, ఈలోగా ఆవిరైపోతుంది. రెండు మిల్లీమీటర్ల వానచినుకు ఒకటి తయారు కావాలంటే ఇటువంటివి పది లక్షలు ఒకటి కావాలి. అన్నీ ఒకే పరిమాణంలో ఉంటే అన్నీ ఒకే వేగంతో దిగుతాయి, ఒకదాన్నొకటి అందుకోవు, కలవవు. కొన్ని పెద్దవై చిన్నవాటిని దారిలో మింగుకుంటూ పోతేనే వాన. గాలిలో ధూళి, పొగ ఎక్కువైతే ఉన్న తేమ మరిన్ని బిందువులకు పంపకమై, అన్నీ చిన్నవిగానే ఉండిపోతాయి. పెద్ద కుటుంబంలో ఆస్తి పంపకం వంటిదే ఇదీ.

అంటే కురిసే మబ్బుకూ కురవని మబ్బుకూ తేడా నలుపులో లేదు, లోపలి బిందువుల పరిమాణంలోనూ పొందికలోనూ ఉంది. గట్టు మీద నిలబడి చూస్తే అది తెలియదు. రాడారుకైనా పూర్తిగా తెలియదు. మా ప్రాంతాన్ని మచిలీపట్నం డాప్లర్ రాడారు కనిపెట్టుకొని ఉంటుంది. అయితే ఏ రాడారుకైనా వచ్చే ప్రతిధ్వని బిందువు వ్యాసపు ఆరో ఘాతాన్ని బట్టి ఉంటుంది. ఒక మిల్లీమీటరు చినుకు ఒక్కటి, దానిలో పదో వంతు వ్యాసమున్న పది లక్షల తుంపరలతో సమానంగా వినిపిస్తుంది. పెద్దల మాట వినబడినంతగా పిల్లల మాట వినబడదు. వాన పడబోతున్నదని చెప్పడానికి అది చాలు. వాన ఎందుకు పుట్టలేదో తెలుసుకోవడానికి చాలదు. దానికి మబ్బులోకే వెళ్ళాలి.

విమానాలకు పరికరాలు కట్టి మబ్బులలోకి వెళ్ళడం కొత్త కాదు. పాత పద్ధతిలో సన్నని లేజరు కిరణం గుండా ఒక్కొక్క బిందువు దాటుతూంటే, అది చిమ్మిన వెలుతురును బట్టి దాని పరిమాణాన్ని లెక్కగడతారు. చిక్కేమిటంటే విమానం సెకనుకు నూరు మీటర్లకు పైగా పరుగెడుతూంటుంది. నమ్మదగిన లెక్క రావాలంటే కొన్ని వందల మీటర్ల మేర బిందువులను పోగుచేయాలి. ఆటపాక దగ్గర గూడకొంగలను లెక్కపెట్టడం ఊహించండి. గుమ్మం దగ్గర కూర్చొని ఎగిరివచ్చే కొంగలను ఒక్కొక్కటిగా సాయంత్రం దాకా లెక్కిస్తే మొత్తం ఎన్నో తెలుస్తుంది. ఏ కొంగ ఏ కొమ్మ మీద, ఏ కొంగ పక్కన కూర్చున్నదో తెలియదు. అందుకు కొంగలన్నీ వాలి ఉండగా చెట్టును ఒక్కసారిగా చూడాలి. మబ్బును అలా ఒక్కసారిగా చూడడానికి పనికివచ్చిన విద్య హోలోగ్రఫీ.

ఆ గ్రీకు మాటకు సంపూర్ణలేఖనం అని అర్థం చెప్పుకోవచ్చు. 1940లలో ఇంగ్లండులో డెన్నిస్ గాబోర్ ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిని మెరుగుపరిచే ప్రయత్నంలో దీన్ని కనిపెట్టి 1948లో ప్రకటించాడు. 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. మామూలు ఛాయాచిత్రం వెలుతురు ఎంత పడిందో రాసుకుంటుంది, ఎంత దూరం నుంచి వచ్చిందో మరచిపోతుంది. హోలోగ్రాములో ఆ రెండో సంగతి కూడా నమోదవుతుంది. దారిలో బిందువు అడ్డుపడితే లేజరు కాంతిలో కొంత చెదురుతుంది. చెదిరిన తరంగాలు చెదరని తరంగాలతో కలిసి, ఎదుటి కెమెరా ఫలకం మీద వలయాలుగా పడతాయి. నిలకడగా ఉన్న చెరువులో రాయి వేస్తే లేచే వలయాలే గుర్తు తెచ్చుకోండి. బిందువు ఫలకానికి దగ్గరగా ఉంటే వలయాలు ఇరుకు, దూరంగా ఉంటే విశాలం. ఆ వలయాలను కంప్యూటరుకు అప్పగిస్తే అది వెలుతురును వెనక్కి నడిపించి, ఒక్కొక్క లోతులో ఏమున్నదో తేటపరుస్తుంది. ఒకే బొమ్మ నుంచి, నాభీకరణ చేయకుండానే, వేలాది పొరలు చూడవచ్చు. లేజరు వెలుగు రెప్పపాటులో కోటానుకోట్ల వంతు సేపే ఉంటుంది గనుక విమానం ఎంత వేగంగా పోయినా బిందువు నిలిచిపోయినట్టే పడుతుంది.

పొగమంచు బిందువులను ఈ విధంగా కొలవవచ్చునని అమెరికాలో బ్రయాన్ థాంప్సన్ బృందం 1960ల్లోనే చూపింది. కాని ఫిల్ములు కడిగి, చీకటిగదిలో ఒక్కొక్క పొరా కళ్ళతో వెతకడం ఎవరి వల్ల అవుతుంది? డిజిటల్ కెమెరాలు, వేగమైన కంప్యూటర్లు వచ్చేదాకా ఆ విద్య మూలన కూర్చుంది. ఆ తరువాత మిషిగన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రేమండ్ షా, జేకబ్ ఫ్యూగల్ వంటివారు విమానానికి కట్టగల పరికరాన్ని రూపొందించారు. దాని పేరు హోలోడెక్. ఒక్కో బొమ్మలో పది ఘన సెంటీమీటర్లకు పైబడిన గాలి పడుతుంది, అంటే చిన్న గిద్దెడు కూడా కాదు. ఆ గిద్దెడులోని ప్రతి బిందువు చిరునామా దొరుకుతుంది.

2015లో మాథ్యూ బీల్స్, షా తదితరులు సైన్స్ పత్రికలో ప్రకటించిన వ్యాసం చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. మబ్బు అంచున పొడిగాలి చొరబడినప్పుడు ఏం జరుగుతుందన్నది వారి ప్రశ్న. రెండు విధాలుగా జరగవచ్చు. బిందువులన్నీ తలా కాస్తా ఆవిరై చిన్నవి కావచ్చు. లేదా కొన్ని పూర్తిగా అంతరించి, తక్కినవి చెక్కుచెదరకుండా ఉండిపోవచ్చు. కరవు ఊరంతటినీ కొంచెం చిక్కిపోయేటట్టు చేస్తుందా, కొన్ని ఇళ్ళను తుడిచిపెట్టి తక్కిన ఇళ్ళ జోలికి పోకుండా ఉంటుందా అన్నట్టు. సగటు లెక్కలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. హోలోగ్రాములలో తేలింది ఎక్కువగా రెండో విధమే. దూరానికి మెత్తగా కనిపించే మబ్బు అంచు దగ్గరికి పోతే సెంటీమీటర్ల కొలతలో పదునుగా తెగి ఉంది: ఇక్కడ కిక్కిరిసిన బిందువులు, ఆ పక్కనే శూన్యం. మిగిలిన బిందువుల పరిమాణం తగ్గలేదు. మబ్బు తరిగినా చినుకు కాగల బిందువు బతికి ఉండవచ్చునన్న మాట.

మర్నాడు గూడెంలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడికి ఫోను చేశాను. (తాడేపల్లిగూడెం అని పూర్తిగా అనే ఓపిక మా జిల్లాలో ఎవరికీ లేదు.) ఆ మరుసటి ఏడు ధనుర్మాసానికి మేమిద్దరం ఒక బొమ్మల పరికరం కట్టాము. పరికరం అనడం గొప్పలు పోవడమే. పాఠం చెప్పేటప్పుడు వాడే లేజరు దీపం, సూదితో బెజ్జం పొడిచిన అల్యూమినియం రేకు, కటకం ఊడబీకిన కంప్యూటరు కెమెరా, ఇవన్నీ ఒక చెక్కపలక మీద. మొదట రెండు గాజుపలకల నడుమ చెరువు నీటిచుక్క పెట్టి చూశాము. తెర నిండా వలయాలు. మిత్రుడు రాసిన ప్రోగ్రాము వాటిని మడిచి మడిచి చూపితే, నీటిలోని సూక్ష్మజీవి ఒకటి మీసాలతో సహా తేలింది. చిన్నపిల్లల్లా కేకలు వేశాము.

పొగమంచుతో అంత సులువు కాలేదు. తెల్లవారుజామున ఏలూరు నుంచి బయలుదేరాను. భీమడోలు దాటాక పూళ్ళ, కైకరం ఎక్కడ వచ్చాయో ఎక్కడ పోయాయో తెలియలేదు. ముందు లారీ వెనకదీపాలే నాకు దారి. గూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి పాత ఏరోడ్రోము ఉంది. విమానాలు దిగని ఆ రన్‌వే మీద వ్యాహ్యాళికి వచ్చినవారు మమ్మల్ని అనుమానంగా చూస్తూ పోయారు. లోకమంతా ఈ పని విమానాలకు కట్టి చేస్తూంటే, మేము విమానం లేని ఏరోడ్రోములో ముక్కాలిపీట మీద చేశాము. రేకు మీద తేమ పట్టింది. లేజరు మసకబారింది. నలభై బొమ్మలు దక్కాయి. ఫలకం మీది దుమ్ము ప్రతి బొమ్మలోనూ ఒకే చోట ఉంటుంది గనుక దాన్ని తీసివేస్తే, మిగిలిన వలయాలు మొత్తం పదకొండు. అవి పొగమంచు బిందువులేనని మిత్రుడి పట్టు. వాటి పరిమాణం తేల్చగలిగేంత నాణ్యత మా బొమ్మలకు లేదు. "పదకొండు" అని పుస్తకంలో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఆ ప్రశ్నార్థకం పెట్టడానికి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది.

ఇక మంచు సంగతి. వర్షాకాలంలో మన నెత్తిన సుమారు ఐదు కిలోమీటర్లు పైకి పోతే సున్నా డిగ్రీలు. అక్కడ నీళ్ళన్నీ గడ్డకడతాయనుకోవడం సహజం. కట్టవు. గడ్డకట్టడానికి ఆసరాగా తగిన ధూళి రేణువు దొరకకపోతే బిందువు సున్నాకు ఎంతో దిగువన కూడా నీరుగానే ఉంటుంది. సుమారు మైనస్ ముప్పయ్యెనిమిది దాకా ఉండగలదు. కనుక ఒకే మబ్బులో అతిశీతల జలమూ మంచు స్ఫటికాలూ పక్కపక్కన ఉంటాయి. అప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది. స్ఫటికం చుట్టూ నిలవడానికి తక్కువ ఆవిరి చాలు, బిందువు చుట్టూ ఎక్కువ కావాలి. అందుచేత బిందువులు ఆవిరై కరిగిపోతూంటాయి, ఆ ఆవిరిని తాగి స్ఫటికాలు లావవుతాయి. అవి బరువెక్కి దిగుతూ కరిగితే, మన ముంగిట్లో పడేది మామూలు వాన. కొల్లేటి మీద కురిసే ఉరుముల వానలో కొన్ని చినుకులు ఒకనాటి మంచు పలుకులే.

దీన్ని ఆధారం చేసుకొన్నదే పత్రికలు మేఘమథనం అని పేరుపెట్టిన పని. ఆ పేరు పెట్టినవారికి నమస్కారం. పాలసముద్రం కళ్ళకు కట్టింది. నిజానికి అక్కడ చిలికేది లేదు, చల్లడమే. వెండి అయొడైడు స్ఫటిక నిర్మాణం మంచును పోలి ఉంటుందని గమనించి బెర్నార్డ్ వానెగట్ 1946లో ఈ దారి చూపాడు. అయితే చల్లే చోట అతిశీతల జలం ఉండాలి. అక్కడ అప్పటికే మంచు నిండి ఉంటే చల్లినది వృథా. ఏమీ చల్లకపోయినా కురవబోయే మబ్బయితే, చల్లి కురిపించామని చెప్పుకోవడం కోడి కూయబట్టి తెల్లారిందనడమే. 2000ల దశకంలో మన రాష్ట్రంలో విమానాలు మబ్బుల మీదికి వెళ్ళినప్పుడు, వాటి వల్లనే పడిందని ఒకరు, కాదని ఒకరు వాదించుకోవడం నాకు గుర్తుంది. ఇరుపక్షాల వాదనా గట్టు మీద నిలబడి చూసినదే. నాకు ఆ భాష బాగా తెలుసు.

2009లో పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ కైపీక్స్ అనే ప్రయోగాన్ని ఆరంభించి, కొలతల విమానాలను దేశంలో పలుచోట్ల, హైదరాబాదు నుంచి కూడా ఎగరవేసింది. ధూళి ఎక్కువైన కొద్దీ మబ్బులో వాన పుట్టే ఎత్తు పెరుగుతుందని ఆ కొలతలలో కనబడింది. తరువాత 2018, 2019ల్లో సోలాపూరులో 276 మేఘాలను ఎంచుకొని, విత్తినవాటినీ విత్తనివాటినీ పోల్చి, వాన సగటున 18 శాతం పెరిగిందని 2023లో వెల్లడించారు. వానను కురిపించామని కాక, ఇంత శాతం అని చెప్పడం నాకు నచ్చింది.

స్విట్జర్లాండులోని జూరిక్ సాంకేతిక సంస్థలో ఉల్రిక్ లోమన్, యాన్ హెన్నెబర్గర్ల బృందం ఇంకా ముచ్చటైన పని చేస్తున్నది. చలికాలపు పల్చని అతిశీతల మబ్బులోకి డ్రోనుతో వెండి అయొడైడు పంపి, గాలివాటున కొంత దూరంలో బెలూనుకు కట్టిన హోలోగ్రఫీ కెమెరాతో కాపు కాస్తారు. గాలి వేగం తెలుసు కనుక ఆ స్ఫటికం వయసు ఎన్ని నిమిషాలో తెలుసు. వయసు తెలిసిన మంచు పలుకును కొలవడం, పురుటిగదిలో బిడ్డను తూచడం వంటిది. గుండ్రంగా ఉన్నది నీరు. పలకలుగా, కడ్డీలుగా ఉన్నది మంచు. సుమారు పాతిక మైక్రాన్ల కంటే చిన్నవైతే ఆకారం తేలక రెండూ ఒకేలా కనిపిస్తాయట. అక్కడికి వచ్చేసరికి వారి యంత్రం కూడా మన భాషలాగే రెంటినీ మంచు అనవలసి వస్తుందేమో.

ఈ సంగతులన్నీ ఈ మధ్య నాన్నకు చెప్పాను. ఇప్పుడాయన మాతో ఏలూరులోనే ఉంటున్నారు. గూడెం ఏరోడ్రోము వలయాల బొమ్మ చూపించాను. చాలాసేపు చూసి, "మొత్తం మబ్బులో ఎన్ని నీళ్ళుంటాయిరా?" అన్నారు. కాగితం తీసి లెక్కవేశాను. ఘనపు మీటరుకు అర గ్రాము అనుకుంటే, పొడవు, వెడల్పు, ఎత్తు కిలోమీటరు చొప్పున ఉన్న మబ్బులో ఐదు వందల టన్నులు. ఐదెకరాలలో ఐదడుగుల లోతున నీళ్ళున్న మన చెరువులో ముప్పై వేల టన్నులు. అరవై మబ్బులు మన గట్ల మధ్యనే ఉండేవన్న మాట.

ఆయన నవ్వారు. ఆ నవ్వు చూసి ధైర్యం చేసి, ఆ భాద్రపదపు రాత్రి సంగతి ఎత్తాను, ఇన్నేళ్ళలో మొదటిసారి. నేను కురుస్తుందని చెప్పకపోయి ఉంటే ఇంజను పెట్టేవాడివి కదా అన్నాను.

"పక్క చెరువు వాళ్ళ ఇంజను చప్పుడు తెల్లార్లూ వినపడుతూనే ఉందిరా" అన్నారు. "నాకు నిద్ర పట్టలేదు. లేచి వెళ్ళి అడుగుదామా అనుకున్నాను. చదువుకున్నవాడు చెప్పాడు కదా అని పడుకున్నాను." కాగితం అందుకొని ఐదు వందల టన్నులన్న అంకెను మరోసారి చూసి, "అర గ్రామని ఎవరు తూచారు?" అని అడిగారు.